ముందు ఆ దగ్గు విను

అమ్మా,

నీ ఆసుపత్రికి వచ్చిన నాలుగేళ్ల బాబు ఆరు వారాలుగా దగ్గుతున్నాడనీ, ఉబ్బసమని నువ్వు ఇన్‌హేలర్ ఇచ్చినా తగ్గలేదనీ, మోతాదు పెంచమంటారా అనీ రాశావు. పెంచకు. ముందు వాడి దగ్గు విను.

డాక్టరు ముందు కూర్చోగానే పిల్లలకు దగ్గు రాదు. నవ్వించు, వరండాలో నాలుగడుగులు పరిగెత్తించు. దగ్గేటప్పుడు ఛాతీకి అరచేయి ఆనించి ఉంచు. లోపల కఫం కదిలితే చేతికి తెలుస్తుంది. ఈ వయసు పిల్లలకు గళ్ల ఉమ్మడం రాదు, మింగేస్తారు. అందుకే "కఫం పడుతోందా?" అంటే తల్లి లేదంటుంది. "తెల్లవారుజామున దగ్గి దగ్గి జిగురుగా కక్కుకుంటాడా?" అని అడుగు. రాత్రి దగ్గును ఫోనులో రికార్డు చేసి తెమ్మను. ఆమె పిల్లికూతలంటున్నది చాలాసార్లు కఫం కదిలే ఈ గురగురనే.

మధ్యలో దగ్గు లేని రోజులు ఉన్నాయా అన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. నెలకో జలుబు తెచ్చుకునే బడి పిల్లాడికి నడుమ నాలుగు రోజులైనా తెరిపి ఉంటుంది. వాడికి యాంటీబయాటిక్ అక్కరలేదు. తెరిపి లేకుండా నాలుగు వారాలు దాటిన తడి దగ్గయితే, వేరే జబ్బు ఆనవాళ్లేవీ లేకపోతే, శ్వాసనాళాల్లో బాక్టీరియా తిష్ఠ వేసిందని అనుమానించాలి. ప్రొట్రాక్టెడ్ బాక్టీరియల్ బ్రాంకైటిస్ అనే ఈ జబ్బుకు 2006లో స్పష్టమైన రూపమిచ్చింది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వైద్యులు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోకాకస్, మొరాక్సెల్లా అనే మూడు సూక్ష్మజీవులే ఎక్కువగా కనిపిస్తాయి. అవి జిగురు పొర అల్లుకుని దాక్కుంటాయి కాబట్టే అయిదు రోజుల మందుకు లొంగవు.

నా చేతుల్లోనే ఒక పాపకు ఆలస్యం జరిగింది. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, గదంతా తిరిగి ఆడుకునేది, ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉంది. ఉబ్బసమే అనుకుని ఎనిమిది నెలలు ఇన్‌హేలర్ వాడించాను. తర్వాత స్కాన్ తీయిస్తే శ్వాసనాళాలు అప్పటికే దెబ్బతిని వెడల్పయ్యాయి. ఆ తల్లి మొదటి రోజే "దగ్గు బరువుగా ఉంది డాక్టర్ గారూ" అంది. ఆ మాట రాసుకున్నాను గాని, పట్టించుకోలేదు.

మందు రాసేముందు క్షయ సంగతి తేల్చుకో. ఇంట్లో ఎవరికైనా ఉందా, పిల్లాడి బరువు ఆగిపోయిందా చూడు. సందేహముంటే పరీక్షలు చేయించు. లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మాత్రం ఇవ్వకు, అవి క్షయను కొన్నాళ్లు కప్పేస్తాయి. వేరుశనగ గింజో మరొకటో తింటూ పొలమారి, అప్పటి నుంచి దగ్గు పట్టుకుందా అని అడుగు. వేళ్ల కొసలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగినా, కఫంలో రక్తం పడినా, పుట్టినప్పటి నుంచీ దగ్గున్నా పెద్దాసుపత్రికి పంపు.

ఇవేవీ లేకపోతే అమోక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్, బరువును బట్టి, రెండు వారాలు. ఇక్కడే చికిత్స చెడుతుంది. పొడి సిరప్ చిన్న సీసా అయిదారు రోజుల్లో అయిపోతుంది, అప్పటికే దగ్గు కాస్త తగ్గి ఉంటుంది, తల్లి మానేస్తుంది. అందుకే ఎన్ని సీసాలు కావాలో లెక్కగట్టి చీటీలో రాయి. ఒక్కసారే అన్నీ కలపొద్దని చెప్పు. కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు ఎలా పోయాలో నీ చేత్తో చూపించు. కలిపిన మందు ఫ్రిజ్‌లో పెట్టినా వారం దాటితే పనికిరాదు. ఇంట్లో ఫ్రిజ్ లేదంటే ఊరుకోకు, ఏర్పాటు ఏమిటో కూర్చుని మాట్లాడు. అన్నం తినడం మొదలుపెట్టగానే మందు తాగిస్తే కడుపులో తిప్పడం తక్కువ. నాలుగు విరేచనాలయితే భయపడి ఆపేస్తారు, ముందే చెప్పి పంపు. దగ్గు మందు సీసాలు వద్దు. ఇంట్లో బీడీ, సిగరెట్ ఉంటే తండ్రిని పిలిచి మాట్లాడు.

పదిహేనో రోజు తేదీ చీటీ మీద వేసివ్వు. దగ్గు పూర్తిగా పోతేనే మన అనుమానం నిజమైనట్లు. సగమే తగ్గితే ఇంకో రెండు వారాలు వాడించు. నాలుగు వారాలకూ పోకపోయినా, ఏడాదిలో మూడుసార్లకు మించి తిరగబెట్టినా ఊపిరితిత్తుల నిపుణుల దగ్గరకు పంపాల్సిందే.

బాబు మళ్లీ వచ్చిన రోజు అరచేతికి ఏం తెలిసిందో నాకు రాయి.