అధికారంలో ఉన్న అధ్యక్షుడి గెలుపును ఆఫ్రికాలో ఏ కోర్టైనా రద్దు చేసిందా?

చేసింది, రెండుసార్లు. మొదటిది 2017లో కెన్యాలో. కానీ అక్కడ రెండోసారి పోలింగ్‌ను ప్రతిపక్ష నేత ఒడింగా బహిష్కరించడంతో అధ్యక్షుడు కెన్యాట్టానే మళ్లీ గెలిచారు.

అసలు చెప్పుకోవాల్సింది మలావీ సంగతి. 2019 మే ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు పీటర్ ముతారికా సుమారు 38.6 శాతం ఓట్లతో గెలిచినట్టు ప్రకటించారు. తీరా చూస్తే ఫలితాల షీట్ల మీద అంకెలు వైట్‌నర్‌తో దిద్ది ఉన్నాయి! నెలల తరబడి జనం వీధుల్లోకి వచ్చారు. కేసు విన్న ఐదుగురు జడ్జీలకు లంచం ఎర వేయబోయిన ఓ బడా బ్యాంకర్‌కు తర్వాత జైలుశిక్ష పడింది. 2020 ఫిబ్రవరి 3న ఆ ఐదుగురూ సైనిక భద్రతతో కోర్టుకొచ్చి, గంటల తరబడి తీర్పు చదివి, ఎన్నిక చెల్లదన్నారు. గెలవాలంటే సగానికి పైగా ఓట్లు రావాలనీ తేల్చారు.

జూన్‌లో మళ్లీ పోలింగ్‌కు ముందు ప్రభుత్వం ప్రధాన న్యాయమూర్తిని సెలవుపై ఇంటికి పంపాలని చూసింది. లాయర్లు రోడ్డెక్కారు, ఆ పప్పులుడకలేదు. ప్రతిపక్ష నేత చక్వేరా 58 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు.

అయితే అవినీతి, ధరలు జనాన్ని విసిగించాయి. 2025లో అదే ముతారికా తిరిగొచ్చారు, ఈసారి సగానికి పైగా ఓట్లతోనే.