స్ప్లిట్ ఏసీకి అమెరికా థర్మోస్టాట్ పెట్టొచ్చా: మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ మియాపూర్‌లో సొంత ఫ్లాటు, హాల్లో ఒకటి, బెడ్‌రూంలో ఒకటి స్ప్లిట్ ఏసీలు. మీ అన్నయ్య డాలస్ నుంచి వస్తూ నెస్ట్ థర్మోస్టాట్ తెచ్చారు, అంటే గది వేడి చూసి ఏసీని నడిపే, గోడకి బిగించే గూగుల్ కంపెనీ పరికరం. దాన్ని గోడకి బిగిస్తే రెండు ఏసీలూ ఫోన్‌లోంచి నడుస్తాయా, కరెంటు బిల్లు తగ్గుతుందా, వైఫై పోతే ఏసీ ఆగిపోతుందా అని.

మొదటి దానికి నా జవాబు, దయచేసి బిగించకండి. ఎలక్ట్రీషియన్ "అదెంత పని, నేను చూసుకుంటా" అన్నా సరే వద్దనండి. మా ఇంట్లో అదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాలుగేళ్ల క్రితం మా బావగారు కూడా ఇలాగే ఎంతో ప్రేమగా ఒకటి తెచ్చారు, మేం నిజాంపేటలో ఉంటాం. ఏసీ ఇన్‌స్టాలేషన్ చేసిన అబ్బాయి ఊళ్లో లేడు, అపార్ట్‌మెంట్‌కి మామూలుగా వచ్చే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయన ఏసీ స్విచ్‌బోర్డు విప్పి ఫేజు, న్యూట్రల్ తీసుకొచ్చి నేరుగా దానికే ఇచ్చాడు. టప్ మని శబ్దం, కాలిన వాసన, ఎంసీబీ పడిపోయింది. అదృష్టం, అప్పటికి మా పాప ఆ గదిలో లేదు. వస్తువు పోయిందన్న బాధ కంటే, దాని మీద ఏం రాసుందో చదవకుండా 230 వోల్టులు ఇవ్వనిచ్చానే అన్న భయం నాకు చాలా రోజులు పోలేదు.

ఈ అమెరికా థర్మోస్టాట్లు 24 వోల్టుల మీద పనిచేసేవండీ. అమెరికాలో చాలా ఇళ్లకి ఒకటే పెద్ద మెషీన్ ఉంటుంది, దాని గాలి డక్టుల్లోంచి అన్ని గదులకీ వెళ్తుంది. అక్కడ గోడలోంచి సన్నటి వైర్లు వస్తాయి, వాటికి ఆర్, వై, జీ, డబ్ల్యూ, సీ అని గుర్తులు. కరెంటు తెచ్చే ఆర్‌తో వై కలిస్తే కంప్రెసర్ నడుస్తుంది, జీ కలిస్తే ఫ్యాన్, డబ్ల్యూ కలిస్తే హీటింగ్. అక్కడివాళ్లు థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందేలా చేసే సీ వైరు లేదు, బ్యాటరీ దిగిపోతోంది అని మొత్తుకునేది ఈ వైర్ల గురించే, అది మన సమస్య కానే కాదు. మన స్ప్లిట్ ఏసీలో గది వేడిని చూసే సెన్సరు ఇండోర్ యూనిట్‌లోనే ఉంటుంది, కంప్రెసర్‌ని ఎంత నడపాలో లోపలి బోర్డే చూసుకుంటుంది, రిమోట్‌తో మనం ఆ బోర్డుకి ఎన్ని డిగ్రీలు కావాలో చెప్తామంతే. బయటి థర్మోస్టాట్ కలపడానికి అక్కడ చోటే లేదు.

కోకాపేట, నార్సింగి వైపు టవర్లలో వీఆర్ఎఫ్ ఏసీలున్న (బయట ఒకే యూనిట్‌తో చాలా గదులు చల్లబరిచేవి) ఫ్లాట్లలో గోడ మీద ఒక కంట్రోలర్ కనిపిస్తుంది, అచ్చం థర్మోస్టాట్ లాగే ఉంటుంది. దాన్ని పీకి ఇది పెట్టొచ్చనుకునేవాళ్లు ఉన్నారు, అది కూడా కుదరదు. ఆ వైర్లలో నడిచేది ఆ ఏసీ కంపెనీ సొంత సిగ్నల్, అలాంటి చోట ఆ కంపెనీ వైఫై మాడ్యూలే అడగాలి.

మీ ఇంటికి కావలసింది ఏసీ రిమోట్ పని చేసే చిన్న డబ్బా, ఐఆర్ బ్లాస్టర్ అంటారు. ఫోన్ నుంచి వైఫై ద్వారా మాట వింటుంది, ఏసీకి రిమోట్ లాగే కంటికి కనిపించని కాంతితో చెప్తుంది. ఒక్కో గదికి ఒకటి కావాలి, ఎందుకంటే ఆ కాంతి గోడ దాటదు, ఏసీకి ఎదురుగా కనబడేలా ఉండాలి. మీ ఏసీలు కొత్తవైతే కొనేముందు ఒకసారి మాన్యువల్ చూడండి, వైఫై లోపలే ఉండి మీరు ఇన్నాళ్లూ వాడకుండా వదిలేసి ఉండొచ్చు. ఉంటే అదే మేలు.

సెటప్‌లో అందరూ ఆగిపోయేది వైఫై దగ్గర. రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై ఇస్తుంది, ఈ డబ్బాల్లో చాలావాటికి 2.4 మాత్రమే అర్థమవుతుంది. మన ఫైబర్ రౌటర్లు 2.4, 5 రెండిటికీ ఒకే పేరు పెట్టేస్తాయి, ఫోన్ 5 మీద ఉంటే కొన్నిసార్లు డబ్బా దొరకదు. రౌటర్ సెట్టింగుల్లో రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టి, సెటప్ చేసేటప్పుడు ఫోన్‌ని 2.4 పేరుకి కలపండి. నేను రెండు సాయంత్రాలు దీని మీదే పోగొట్టుకున్నాను.

ఇప్పుడు వైఫై పోతే సంగతి. ఏసీ ఆగదు, చివరగా అందిన మాట ప్రకారం నడుస్తూనే ఉంటుంది, రిమోట్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. ఆగిపోయేది యాప్ ఒక్కటే. అసలు ఇబ్బంది కరెంటు పోయి వచ్చినప్పుడు. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వస్తే చాలు కరెంటు పోతుంది కదా, తిరిగొచ్చాక కొన్ని ఏసీలు వాటంతటవే ఆన్ అవుతాయి, కొన్ని అవ్వవు. ఆ డబ్బాకి ఏసీకి చెప్పడమే వచ్చు, ఏసీ నుంచి తిరిగి వినడం రాదు. అందుకని యాప్‌లో ఆన్ అని ఉంటుంది, గదిలో ఏసీ ఆఫ్‌లో ఉంటుంది, లేదా దానికి రివర్సు. ఇంట్లో లేనప్పుడు యాప్ చెప్పింది నమ్మకండి, గది వేడి ఎంతుందో చూడండి. డబ్బాలో ఆ సెన్సరు ఉన్న మోడలే కొనమని చెప్పేది ఇందుకే. రౌటర్‌ని ఇన్వర్టర్ బ్యాటరీ మీద పెడితే కరెంటు వచ్చిన వెంటనే డబ్బాకి వైఫై దొరుకుతుంది, లేకపోతే రౌటర్ లేచేదాకా ఆగాలి.

ఆ సెన్సరు డబ్బాని టీవీ వెనకో, రౌటర్ పక్కనో, పడమటి ఎండ తగిలే గోడకో పెట్టొద్దు. మేం మొదట సెట్‌టాప్ బాక్సు మీద పెట్టాం, ఆ వేడికి గది ఎప్పుడూ మరిగిపోతున్నట్టు చూపించేది, ఏసీ ఒకటే పనిగా నడిచేది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి. ఈ యాప్‌లలో మీరు ఇంటి నుంచి దూరం వెళ్లగానే ఏసీ ఆపేసే ఏర్పాటు ఉంటుంది, ఫోన్ ఎక్కడుందో చూసి. నేను ఉత్సాహంగా అది ఆన్ చేశాను. పొద్దున 9 గంటలకి హైటెక్ సిటీకి బయలుదేరేవాణ్ణి, జేఎన్‌టీయూ దాటేసరికి మా నాన్న గదిలో ఏసీ ఆగిపోయేది. నాన్నకి 74 ఏళ్లు, స్మార్ట్‌ఫోన్ లేదు. ఆయన లేచి రిమోట్ నొక్కితే ఏసీ వచ్చేది, కాసేపటికి నేను పెట్టిన ఇంకో షెడ్యూలు మళ్లీ ఆపేసేది. ఏసీ చెడిపోయిందనుకుని, ఖర్చు అవుతుందని నాకు చెప్పకుండా, మే నెలలో నాలుగు రోజులు ఫ్యాన్ కిందే పడుకున్నారు. అయిదో రోజు అమ్మ ఫోన్ చేసి "మీ నాన్నకి నీరసంగా ఉందిరా" అంటే అప్పుడు చూశాను. ఆ రోజు మీటింగు మధ్యలోంచి లేచి ఇంటికి వెళ్లిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు బాగుండదు.

కదలిక చూసి ఆపేసే సెన్సర్లతోనూ ఇదే ప్రమాదం. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి వాటి లెక్కలో లేనట్టే. నాన్న గదికి ఆటోమేటిక్‌గా ఆపే ఏర్పాట్లన్నీ తీసేశాను, రిమోట్ మంచం పక్కనే తాడుతో కట్టాను. ఆ గది సెన్సరు 32 దాటితే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, వెంటనే నాన్నకి ఫోన్ చేస్తాను. నా దృష్టిలో మేం కొన్న డబ్బు మొత్తం ఈ ఒక్క పనికే సార్థకమైంది.

బిల్లు సంగతి కూడా అడిగారు. డబ్బా పెట్టినంత మాత్రాన తగ్గదు, డిగ్రీలు పెంచితే తగ్గుతుంది. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్తుంది, 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేది కూడా ఆ సంస్థ పెట్టిన నిబంధన వల్లే. మేం పడుకునేటప్పుడు 25, రాత్రి 2 గంటలకి 27, పొద్దున 5:30కి ఆఫ్, పైన ఫ్యాన్ చిన్నగా తిరుగుతూ ఉంటుంది. నిద్రమత్తులో లేచి రిమోట్ వెతికే పని తప్పింది, అందువల్లే మాకు తేడా తెలిసింది. మన దగ్గర యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు రేటు కూడా పెరుగుతుంది కాబట్టి చివర తగ్గించుకున్న యూనిట్లే ఎక్కువ డబ్బు మిగులుస్తాయి. పోల్చేటప్పుడు మాత్రం ఏప్రిల్‌ని జూలైతో పోల్చకండి, పోయిన ఏప్రిల్‌తో పోల్చండి.

మీవి ఇన్వర్టర్ ఏసీలైతే ఇంకో మాట. గది 25కి రాగానే ఆఫ్, 27 అవగానే ఆన్ అని యాప్‌లో రూల్ పెట్టకండి. ఇన్వర్టర్ కంప్రెసర్ గది చల్లబడ్డాక నెమ్మదిగా, తక్కువ కరెంటుతో నడవడానికే తయారైంది, మనం మాటిమాటికీ ఆపి మొదలుపెడితే ఆ లాభం పోతుంది. నంబరు మార్చండి, ఆన్ ఆఫ్ దాని ఇష్టానికి వదిలేయండి. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగడం మాత్రం ఏ యాప్ చేయదు.

ఇల్లు మారినా, డబ్బా ఎవరికైనా ఇచ్చినా ముందు మీ అకౌంట్ నుంచి తీసేసి రీసెట్ చేయండి. సెకండ్ హ్యాండ్ కొంటే, పాతవాళ్లు తమ అకౌంట్‌లోంచి తీసేశారో లేదో మీ కళ్లముందే చూపించమనండి.

మీ అన్నయ్య తెచ్చినదాన్ని సీలు విప్పకుండా ఉంచి, ఆయన వెళ్లేటప్పుడు పెట్టెలో పెట్టేయండి, అక్కడ వాళ్ల ఇంటికి చక్కగా పనికొస్తుంది. ఒకవేళ అది వాళ్లింట్లోంచి తీసిన పాతదైతే ఏ జనరేషనో చూడమనండి, మొదటి, రెండో జనరేషన్ నెస్ట్‌లకి 2025 అక్టోబరు 25 నుంచి యాప్ సపోర్టు ఆపేశారు, గోడ మీద చేత్తో తిప్పుకోవడానికే పనికొస్తాయి. మీ రెండు ఏసీల మోడల్ నంబర్లు ఇక్కడ రాయండి, ఇండోర్ యూనిట్ పక్కనున్న స్టిక్కరు మీద ఉంటాయి. వైఫై లోపలే ఉందో, డబ్బా కొనాలో చూసి చెప్తాను.