బిట్లు, బ్లేడులు పదును చెడకుండా దాచుకోవడం

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంట్లో ఒక గది సర్దుకుని చెక్కపని మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషించాను. మిషన్ల సంగతి చెప్పేవాళ్లు నీకు దొరుకుతారు. నేను వాటికి తగిలించే బిట్లు, బ్లేడుల గురించి రాస్తున్నాను. పనిలో అరిగిన పదును సాన పడితే వస్తుంది. డబ్బాలో ఒకదానికొకటి కొట్టుకుని చిట్లిన అంచు అంత సులువుగా రాదు.

ముందు రౌటర్ బిట్లు చూడు. రౌటర్ అంటే బిట్టుని వేగంగా తిప్పి చెక్క అంచులు తీసే, గాడులు కోసే మిషన్. వీటి పదునంచుకి వాడే లోహమిశ్రమం కార్బైడ్ చాలా గట్టిది, కానీ పెళుసు. సొరుగులో పోసి ఉంచితే అంచు ఇసుకరేణువంత మేర ఎగిరిపోతుంది, కంటికి ఆనదు. అంచు తీసిన చెక్క మీద మాత్రం పొడుగునా సన్నటి గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. ఎంత రుద్దినా ఆ గీతతో తిప్పలే.

అందుకని 40 మి.మీ. మందం చెక్కదిమ్మ తీసుకుని 25 మి.మీ. లోతు రంధ్రాలు వెయ్యి. షాంకు అంటే మిషన్‌లో బిగించే బిట్టు కాడ. 6 మి.మీ. షాంకుకి 6.5 మి.మీ. వెడల్పు రంధ్రం, 8కి 8.5, 12కి 12.5. సరిగ్గా షాంకు సైజే వేస్తే తేమకి చెక్క ఉబ్బి బిట్టుని పట్టేస్తుంది. అప్పుడు పదునుండే తల పట్టుకుని లాగుతావు, వేళ్లు తెగుతాయి. ప్రతి రంధ్రం అడుగున 3 మి.మీ. బెజ్జం అవతలి వైపుకి పోయేలా వెయ్యి, పొట్టు నిలవకుండా రాలిపోతుంది. బిట్టుకీ బిట్టుకీ మధ్య వేళ్లు దూరేటంత, కనీసం 15 మి.మీ., ఖాళీ ఉండాలి. దిమ్మకి బాగా ఆరిన చెక్కే వాడు. పచ్చిచెక్కలో తేమ, ఓక్ లాంటి వాటిలో ఆమ్లం ఉక్కుకి తుప్పు పట్టిస్తాయి.

తుప్పుకి అసలు కారణం చాలాసార్లు రంపపు పొట్టే. గాలిలో తేమని పీల్చి ఇనుముకి అంటిపెట్టి ఉంచుతుంది. కాబట్టి లోపల పెట్టేముందు బ్రష్షుతో దులుపు, కుట్టుమిషన్ నూనె గుడ్డకి అద్ది పల్చగా తుడువు. వంటనూనె వద్దు, ఆరి జిగురులా గట్టిపడుతుంది. రౌటర్‌కి బిగించేముందు షాంకు మీద నూనె పూర్తిగా తుడిచెయ్యడం మరిచిపోకు, లేకపోతే బిట్టుని పట్టి ఉంచే బిగింపు, అంటే కొల్లెట్‌లో జారి తిరిగే బిట్టు బయటికొస్తుంది. తేమని పీల్చే సిలికా జెల్ పొట్లాలు మంచివే, కానీ మూత గట్టిగా పడని డబ్బాలో పెట్టి లాభం లేదు.

రంపపు బ్లేడు పళ్ల పక్కన గోధుమరంగు బంక పేరుకుంటే కోత వేడెక్కి చెక్క మాడుతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి పది నిమిషాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. ఘాటైన క్షారం ఉన్న ఓవెన్ క్లీనర్లు వాడకు. వెంటనే ఆరబెట్టు, నీటిచుక్క ఉన్నచోటే తుప్పు మొదలవుతుంది. నడిమి రంధ్రం కంటే 2 మి.మీ. సన్నని చెక్కకర్ర గోడ పలకకి దిగ్గొట్టి బ్లేడులు తగిలించు. రెండింటి మధ్య పళ్లని దాటేంత వెడల్పు పల్చని ప్లైవుడ్ ముక్క పెట్టు.

గరుకు కాగితాలు బల్లపరుపుగా పేర్చి పైన చిన్న పలక పెడితే చుట్టుకుపోవు. బ్యాటరీలు సగం ఛార్జితో, మిషన్ నుంచి ఊడదీసి, చల్లటి చోట పెట్టు.

బిట్టు మార్చే స్పానర్‌ని వైరుకి ప్లగ్ దగ్గర కట్టేసి ఉంచు. ప్లగ్ తీస్తే గాని స్పానర్ చేతికి అందదు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న