డాల్ఫిన్‌కు దగ్గరి బంధువు చేపా, నీటిగుర్రమా?

విశాఖ తీరంలో పడవల పక్కన ఎగిరిపడే డాల్ఫిన్ చేప కాదు, పాలిచ్చే జంతువు; నేడు బతికి ఉన్న ప్రాణుల్లో డాల్ఫిన్లు, తిమింగలాలు కలిసిన వంశం మొత్తానికి అతి దగ్గరి బంధువు నీటిగుర్రం. ఆకారాన్ని బట్టి చూస్తే ఈ సంగతి ఎన్నటికీ తట్టదు, ఎందుకంటే నీటిలో వేగంగా ఈదవలసిన జీవులకు, పూర్వికులు వేరైనా, ఒకే తీరు దేహం ఏర్పడుతుంది. అందుకే నేటి వర్గీకరణ వంశక్రమాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది. 1990లలో డీఎన్‌ఏ పోలికలు తిమింగలాలను ఆవు, పంది, నీటిగుర్రం ఉన్న గిట్టల జంతువుల వర్గంలో నిలిపాయి. పాకిస్తాన్‌లో దొరికిన ఆదిమ తిమింగలాల చీలమండ ఎముకలను 2001లో ప్రకటించినప్పుడు, వాటిలోనూ ఆ వర్గానికే ప్రత్యేకమైన నిర్మాణం కనిపించింది.

తిమింగలాలకు, గిట్టల జంతువులకు ఉన్న ఈ చుట్టరికానికి మంచి ఉదాహరణ ఇండోహ్యూస్ అనే అంతరించిపోయిన గిట్టల జంతువు. జమ్మూ ప్రాంతపు కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త రంగారావు సేకరించిన రాళ్లలోంచి బయటపడిన ఈ జంతువు సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటిది. పెంపుడు పిల్లి అంత ఉండి నాలుగు కాళ్లతో నడిచిన దీని చెవి ఎముక మాత్రం తిమింగలాలకున్నట్టే ఒక పక్క దళసరిగా ఉందని 2007లో తేలింది.

నీటిగుర్రమే క్రమంగా తిమింగలంగా మారిందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రెండింటికీ ఒక ఉమ్మడి పూర్వికజాతి ఉండేది, అక్కడి నుంచి దారులు చీలాయి; నిజానికి శిలాజాల్లో తిమింగలాలే ముందు కనిపిస్తాయి, నీటిగుర్రాలు చాలా ఆలస్యంగా వస్తాయి.