వర్జీనియాలో సోమ్‌దేవ్ నాలుగేళ్లు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ జాతీయ జూనియర్ టెన్నిస్ టోర్నీలు ఆడుతున్నాడు. అమెరికా విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్‌కు ప్రయత్నిద్దామంటే కోచ్ గారు వద్దంటున్నారు. మన దేశపు టెన్నిస్ ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ నాలుగేళ్లు అమెరికా కాలేజీలో గడపకుండా ఉంటే ప్రపంచ 62వ ర్యాంకు దగ్గర ఆగిపోయేవాడు కాదన్నది ఆయన వాదన. ఇందులో నిజమెంత? (ఒక తండ్రి, విజయవాడ)

జవాబు: కోచ్ గారి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేము. 2005లో రఫెల్ నాదల్ పందొమ్మిదేళ్లకే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచేనాటికి, అతనికంటే ఏడాదికి పైగా పెద్దవాడైన సోమ్‌దేవ్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి. సోషియాలజీలో పట్టా పుచ్చుకుని పూర్తిస్థాయిలో వృత్తి టెన్నిస్‌లోకి వచ్చేసరికి అతనికి ఇరవై మూడేళ్లు నిండాయి. ఆ వయసుకు కొందరు ఐదారేళ్ల అనుభవం గడించి ఉంటారు. కానీ పద్దెనిమిదేళ్లకే పెద్ద టోర్నీల్లో నిలదొక్కుకోగల ఆటగాడికి, ఇంకా తయారుకావలసిన ఆటగాడికి ఒకే కొలత పనికిరాదు. సోమ్‌దేవ్ రెండో కోవకు చెందినవాడు.

గువాహటిలో పుట్టి, కోల్‌కతాలోనూ చెన్నైలోనూ పెరిగిన సోమ్‌దేవ్‌కు ప్రత్యర్థిని భయపెట్టే సర్వీస్ లేదు. కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ వెనక్కి పంపుతూ, ఎదుటివాడి ఓపికను పరీక్షించి గెలవడం అతని పద్ధతి. ఇలాంటి ఆట పండాలంటే కాళ్లలో సత్తువ, గట్టి ప్రత్యర్థులతో లెక్కలేనన్ని మ్యాచ్‌లు కావాలి. మన దేశంలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఆ మ్యాచ్‌ల కోసం వృత్తి టెన్నిస్‌లో అట్టడుగు స్థాయి టోర్నీల చుట్టూ తిరిగితే, విమానం టిక్కెట్లూ హోటల్ గదులూ కోచ్ జీతమూ అన్నీ తండ్రి నెత్తిన పడతాయి. అక్కడ మొదటి రౌండ్‌లో ఓడిన కుర్రవాడు మళ్లీ సరైన మ్యాచ్ ఆడేది మరో వారానికే. విశ్వవిద్యాలయ జట్టులో చోటు దొరికితే కోచ్, ఫిజియో, కోర్టులు, ప్రయాణ ఖర్చులు అన్నీ విశ్వవిద్యాలయమే చూసుకుంటుంది, వారం వారం మ్యాచ్ ఉంటుంది.

ఫలితం ఎలా వచ్చిందో వరుసగా చూడండి. 2006లో సోమ్‌దేవ్ అమెరికా కాలేజీల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ సింగిల్స్ ఫైనల్‌కు చేరి, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ ఆటగాడి చేతిలో ఓడిపోయాడు. 2007లో మళ్లీ ఫైనల్‌కు వచ్చాడు. ఈసారి ప్రత్యర్థి జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఇస్నర్. పోటీ జరిగింది జార్జియా విశ్వవిద్యాలయం ఉన్న ఏథెన్స్ పట్టణంలో, అంటే ఇస్నర్ సొంత కోర్టు మీద, ఆ ఏడాది జట్టు టైటిల్ కూడా గెలిచిన జార్జియా అభిమానుల నడుమ. రెండు మీటర్లు దాటిన ఎత్తు నుంచి దూసుకొచ్చే ఇస్నర్ సర్వీస్‌ను తట్టుకుని సోమ్‌దేవ్ 7-6, 4-6, 7-6తో గెలిచాడు. మూడో సెట్‌ 6-6కు చేరాక ఆడే నిర్ణాయక టై-బ్రేక్‌లో, పరాయి ప్రేక్షకుల ముందు, అలాంటి సర్వీస్‌కు ఎదురు నిలిచి నెగ్గిన కుర్రవాడికి ఆ సాయంత్రం దొరికిన ధైర్యం ఏ అకాడమీ ఇవ్వగలదో నాకు తెలియదు. 2008లో 44 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడి, టైటిల్ నిలబెట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది మనవాళ్లు కళ్లారా చూశారు. 2009 జనవరిలో చెన్నై ఓపెన్‌కు వైల్డ్ కార్డ్‌తో, అంటే ర్యాంకు చాలకున్నా నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశంతో వచ్చిన సోమ్‌దేవ్ ర్యాంకు అప్పటికి 200 దాటి ఉంది. ఫ్రెంచ్ ఓపెన్ మాజీ విజేత, చెన్నైలో అంతకుముందు రెండుసార్లు టైటిల్ కొట్టిన కార్లోస్ మోయాను ఓడించాడు, సర్వీస్‌కు పేరుమోసిన ఇవో కార్లోవిచ్‌నూ ఓడించాడు, ఫైనల్‌లో మారిన్ చిలిచ్‌కు తలవంచాడు. అదే ఏడాది దేశాల జట్ల పోటీ అయిన డేవిస్ కప్‌లో దక్షిణాఫ్రికా గడ్డపై రిక్ డి వోస్ట్‌తో రెండు సెట్లు వెనకబడి కూడా ఐదు సెట్లలో గెలిచి, భారత్‌ను ఆ పోటీలో పై అంచె అయిన వరల్డ్ గ్రూప్‌లోకి చేర్చాడు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం, డబుల్స్‌లో మరో స్వర్ణం. ఆ డబుల్స్ జోడీ సనమ్ సింగ్ కూడా వర్జీనియా జట్టు నుంచే వచ్చినవాడు.

ఇక ర్యాంకు సంగతి. సోమ్‌దేవ్ 62వ స్థానానికి చేరింది 2011 జులైలో, అంటే కాలేజీ వదిలిన మూడేళ్లకే. ఆ ఏడాది ఇండియన్ వెల్స్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లి నాదల్ చేతిలో 5-7, 4-6తో ఓడినా గట్టిగా పోరాడాడు. ఎదుగుతున్న ఆ దశలోనే భుజానికి గాయమై, 2012లో చాలా భాగం కోర్టుకు దూరమయ్యాడు. తిరిగొచ్చాక మళ్లీ ఆ ఎత్తుకు చేరలేదు, 2017 ఆరంభంలో ఆటకు స్వస్తి చెప్పాడు. భుజం చేసిన నష్టాన్ని కాలేజీ ఖాతాలో వేయడం అన్యాయమని నా అభిప్రాయం. పైగా అతను ఓడించిన ఇస్నర్ కూడా నాలుగేళ్ల కాలేజీ ముగించుకునే వచ్చి 2018లో ప్రపంచ 8వ ర్యాంకుకు ఎదిగాడు. ఆ ఏడాది వింబుల్డన్ సెమీఫైనల్‌లో ఇస్నర్‌ను ఐదో సెట్‌లో 26-24తో ఓడించిన కెవిన్ ఆండర్సన్ ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఆడినవాడు. కాలేజీకి వెళితే పైకి రారన్న మాట ఆ మ్యాచ్ చూసినవారు అనలేరు.

ప్రశ్న: కాలేజీ టెన్నిస్ అంటే మన విశ్వవిద్యాలయాల మధ్య పోటీల వంటిదేనా? ఫీజు మొత్తం మాఫీ అవుతుందా? (ఒక తల్లి, నిజామాబాద్)

జవాబు: పోలికే లేదు. అక్కడ రెండు జట్ల మ్యాచ్‌లో మూడు డబుల్స్, ఆరు సింగిల్స్ ఉంటాయి. డబుల్స్‌లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింట్, ఒక్కో సింగిల్స్‌కు ఒక్కో పాయింట్, మొత్తం ఏడింటిలో నాలుగు సాధిస్తే గెలుపు. ఆరు కోర్టుల్లో ఒకేసారి ఆట సాగుతూ స్కోరు 3-3కు చేరినప్పుడు, మిగిలిన ఒక్క కోర్టు చుట్టూ రెండు జట్లూ చేరి కేకలు వేస్తుంటే ఆడడం వేరే విద్య. అంతవరకు తనకోసమే ఆడిన పిల్లవాడికి తన ఓటమి మరో ఏడుగురి ఓటమి అవుతుందని మొదటిసారి తెలిసేది అక్కడే. జట్టు సాధనకు సీజన్‌లో వారానికి ఇరవై గంటల పరిమితి ఉంటుంది, మార్కులు తగ్గితే ఆడనివ్వరు.

ఫీజు విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఎన్‌సీఏఏలో పై అంచె అయిన మొదటి డివిజన్‌లో మహిళల జట్టుకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండగా, పురుషుల జట్టు మొత్తానికి నాలుగున్నర మాత్రమే ఉండేవి; కోచ్ వాటిని ఎనిమిది పదిమందికి పంచేవాడు. 2025లో ఆ పరిమితి సడలినా, ప్రతి విశ్వవిద్యాలయమూ అంత ఖర్చు పెట్టదు. "స్కాలర్‌షిప్ ఇస్తాం" అన్న మాట వినగానే సంతోషించకుండా, ఎంత శాతం, ఎన్నేళ్లకు, గాయమైతే సంగతేమిటి అన్న మూడూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అబ్బాయిల తల్లిదండ్రులకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

ప్రశ్న: ఈ దారిలో పైకి వచ్చిన తెలుగువాళ్లు ఉన్నారా? (ఒక విద్యార్థి, కాకినాడ)

జవాబు: విశాఖపట్నంలో పెరిగిన సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో ఆడాడు. ఆటతీరులో సోమ్‌దేవ్‌కు పూర్తిగా భిన్నం: పొడగరి, సర్వీసే అతని ప్రధాన బలం. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, వర్జీనియా సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్ రజతం సాధించాడు. 2016లో ప్రవేశ పోటీలైన క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ సింగిల్స్ ప్రధాన డ్రాలోకి వచ్చినప్పుడు అతని వయసు ఇరవై ఎనిమిది. ముప్పై ఐదేళ్ల వయసులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు వెళ్లి రామ్‌కుమార్ రామనాథన్‌తో డబుల్స్ రజతం తెచ్చాడు.