బంకమన్ను బలం అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉంటుందా?

ఉండదు, ఒకే చోట, ఒకే లోతులో ఉన్న బంకమన్ను అయినా ఏ దిక్కున ఒత్తుతున్నామన్నదాన్ని బట్టి దాని షియర్ స్ట్రెంత్, అంటే జారిపోకుండా తట్టుకునే బలం, మారుతుంది.

బంకమన్ను రేణువులు పలుచని పలకల్లా ఉంటాయి. నీటిలో పేరుకునేటప్పుడు చాలావరకు అడ్డంగా, అప్పడాల దొంతరలా సర్దుకుంటాయి. దీనికి తోడు, మెత్తని మన్నులో నిలువు ఒత్తిడి వేల ఏళ్లుగా పక్క ఒత్తిడి కంటే ఎక్కువే. అందుకే పైనుంచి ఇంకాస్త బరువు పడితే ఓర్చుకుంటుంది. పక్కనుంచి నెట్టి పైకి ఉబ్బేలా చేస్తే త్వరగా లొంగిపోతుంది.

మెత్తని బంకమన్ను మీద రోడ్డు కోసం కట్ట పోశారనుకోండి. అది జారితే, జారుడు తలం కట్ట కింద ఏటవాలుగా దిగి, మధ్యలో దాదాపు అడ్డంగా సాగి, కట్ట పాదం దాటాక పైకి లేస్తుంది. మూడు చోట్లా మూడు బలాలు. అన్నిటికన్నా తక్కువ, పైకి లేచే చోటే. నార్వేలోని డ్రామెన్ బంకమన్నులో అది దిగే చోటి బలంలో సగం కూడా ఉండదు!

ట్రయాక్సియల్ పరీక్షలో, అంటే చుట్టూ ఒత్తిడిలో ఉంచి చేసే ల్యాబ్ పరీక్షలో, నమూనాను నిలువుగా నొక్కితే వచ్చిన అంకె ఆ మన్ను మొత్తానికీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బలమైన దిక్కు అంకె. దాన్నే తలం పొడవునా వాడితే, జారిపోయే కట్ట కూడా లెక్కల్లో భేషుగ్గా నిలబడుతుంది. ఒక్క అంకెతోనే సరిపెట్టాలంటే నమూనాను అడ్డంగా జరిపి చూసే సింపుల్ షియర్ పరీక్ష విలువ సగటుకు దగ్గరగా ఉంటుంది.