రెండో డొమైన్ పెట్టబోతే మొదటి సైట్ మాయమైంది!

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. కొన్నేళ్ళ క్రితం షాపు పేరు మీద డొమైన్ (సైట్ అడ్రస్), షేర్డ్ హోస్టింగ్ (సైట్ ఫైళ్ళు ఉంచే అద్దె చోటు) తీసుకుని ఒక కుర్రాడితో చిన్న సైట్ చేయించుకున్నాం. ఇప్పుడు మా అక్క బ్రాడీపేటలో పచ్చళ్ళు, కారప్పొడులు పెట్టి అమ్ముతోంది. తన కోసం ఇంకో డొమైన్ కొన్నాను. మళ్ళీ హోస్టింగ్ దండగ, ఉన్నదాంట్లోనే పెట్టుకోవచ్చని ఎవరో అంటే, ఫైల్‌జిల్లా అనే అప్‌లోడ్ సాఫ్ట్‌వేర్‌తో అక్క సైట్ ఫైళ్ళన్నీ పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనే ఫోల్డర్లో వేశాను. ఇప్పుడు మా షాపు అడ్రస్ కొడితే ఆవకాయ జాడీ కనిపిస్తోంది, అక్క అడ్రస్ కొడితే డొమైన్ అమ్మినవాళ్ళ ప్రకటన పేజీ వస్తోంది. మళ్ళీ మళ్ళీ అప్‌లోడ్ చేసి చూశాను, అదే వరస. పాత సైట్ చేసిన కుర్రాడు ఫోన్ ఎత్తడం లేదు. మా నాన్నగారికి ఇంకా చెప్పలేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నాన్నగారికి రేపు చెబుదురుగానీ, ముందు ఆ అప్‌లోడ్ చేయడం ఆపండి. మీరు ఎక్కించిన ఫైళ్ళలో తప్పేమీ లేదు, అవి వెళ్ళిన చోటు తప్పు. ఆ పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ ఫోల్డర్ మీ మొదటి డొమైన్‌ది, అంటే మిర్చి షాపుది. అందులో ఏది వేసినా షాపు పేరు మీదే కనిపిస్తుంది. అక్క డొమైన్ సంగతి మీ హోస్టింగ్‌కి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, మీరు కొన్నారన్న విషయమే దానికి తెలియదు.

ఇక పోయిన షాపు సైట్ విషయం. ఫైల్‌జిల్లా మీరు వేసేటప్పుడు ఒక పెట్టె చూపించి ఉంటుంది, ఆ పేరుతో ఫైల్ ముందే ఉంది, ఓవర్‌రైట్ చేయమంటారా అని. మనం ఆ పెట్టెని చదవం, ఓకే కొట్టేస్తాం, కింద 'ఎప్పుడూ ఇలాగే చెయ్యి' అన్న గడిలో టిక్ కూడా పెట్టేస్తాం. అంచేత ఒకే పేరున్న ఫైళ్ళు మాత్రమే పోయాయి: ఇండెక్స్ పేజీ, బహుశా స్టైల్ ఫైలు, లోగో. మిగతావి అక్కడే ఉండి ఉంటాయి. కాబట్టి ఫోల్డర్ మొత్తం ఖాళీ చేసేయకండి. సీప్యానెల్‌లో, అంటే మీ హోస్టింగ్‌ని నడిపించుకునే కంట్రోల్ పేజీలో, బ్యాకప్ అనే చోట పాత తేదీ కాపీ ఏమైనా ఉందేమో చూడండి, లేకపోతే హోస్టింగ్ వాళ్ళకి ఇవాళే టికెట్ పెట్టి, ఫలానా తేదీకి ముందున్న పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ కావాలని అడగండి. ఇవాళే అని ఎందుకంటున్నానంటే, చాలా హోస్టింగ్‌లలో పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ పడుతూ ఉంటుంది, మీరు ఆలస్యం చేసేకొద్దీ ఆవకాయ జాడీయే బ్యాకప్ అవుతుంది. అక్కడా దొరక్కపోతే పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో షాపు అడ్రస్ కొట్టి చూడండి. అది మీ పేజీని ఎప్పుడైనా దాచి ఉంటే కనీసం రాసుకున్న మాటలు, ఫోన్ నంబర్లు తిరిగొస్తాయి.

షాపు సైట్ నిలబడ్డాక అక్క సంగతి. మీ ప్లాన్‌లో ఒకటికి మించి సైట్లు పెట్టనిస్తారో లేదో ముందు చూసుకోండి, చవక ప్లాన్లు కొన్ని ఒక్క సైట్‌కే. పెట్టనిస్తే సీప్యానెల్‌లో డొమైన్స్ అన్న చోటికి వెళ్ళి కొత్త డొమైన్ క్రియేట్ చేయండి. పాత సీప్యానెల్ అయితే దీన్నే యాడాన్ డొమైన్స్ అంటారు. పేరు కొట్టాక కింద ఒక గడి ముందే టిక్ పెట్టి ఉంటుంది, మొదటి డొమైన్ ఫోల్డర్‌నే ఇది కూడా వాడుకుంటుందని దాని అర్థం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఆ టిక్ అలాగే ఉంచితే రెండు పేర్లూ ఒకే సైట్‌కి వెళ్తాయి, అక్క అడ్రస్ కొడితే మిర్చి షాపు తెరుచుకుంటుంది. టిక్ తీసేయండి. తీయగానే డాక్యుమెంట్ రూట్ అని ఇంకో గడి వస్తుంది, అందులో అక్క డొమైన్ పేరుతో ఒక ఫోల్డర్ దారి దానంతటదే రాసుకుంటుంది. ఆ దారిని ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి. ఇక మీదట అక్క ఫైళ్ళు వెళ్ళాల్సిన చోటు అదొక్కటే.

ఆ ఫోల్డర్ కొన్ని హోస్టింగ్‌లలో పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ లోపల వస్తుంది, కొన్నింటిలో దాని పక్కన వస్తుంది. నన్నడిగితే పక్కనే మేలు. లోపల పెడితే షాపు అడ్రస్ తర్వాత ఒక వాలు గీత (/) పెట్టి ఫోల్డర్ పేరు కొట్టినా అక్క సైట్ తెరుచుకుంటుంది, పైగా షాపు ఫోల్డర్లో ఉన్న డాట్ హెచ్‌టీయాక్సెస్ (.htaccess) అనే సర్వర్ సెట్టింగుల ఫైలులోని రూల్స్ లోపలి ఫోల్డర్లకీ వర్తిస్తాయి. షాపు కోసం ఎవరో రాసిన రీడైరెక్ట్ (వేరే పేజీకి మళ్ళించే రూల్) అక్క సైట్‌ని పట్టుకుని ఆడిస్తే, కారణం దొరకడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంకా సగం పని డొమైన్ కొన్న చోట ఉంది. అక్కడ లాగిన్ అయ్యి, మీ హోస్టింగ్ వాళ్ళు మొదట్లో పంపిన మెయిల్‌లో రెండు నేమ్‌సర్వర్ (డొమైన్ ఎక్కడుందో అడిగినవాళ్ళకి చెప్పే సర్వర్) పేర్లు ఉంటాయి, వాటిని అక్క డొమైన్‌కి ఇవ్వండి. కొన్ని హోస్టింగ్‌లలో ఈ పని ముందు చేస్తేగానీ సీప్యానెల్ డొమైన్‌ని చేర్చుకోనివ్వదు, ఎర్రగా ఏదో మెసేజ్ వస్తే కంగారుపడకండి. ఇది మార్చాక ఊరంతా తెలియడానికి కొంత టైమ్ పడుతుంది. 24 నుంచి 48 గంటలని అందరూ చెబుతారు, చాలాసార్లు అంతకన్నా చాలా ముందే అయిపోతుంది. ఈలోగా మీ ఫోన్‌లో కొత్త సైట్, అక్క ఫోన్‌లో పాత ప్రకటన కనిపించడం మామూలే. ఒక్క జాగ్రత్త: అక్క ఆ డొమైన్ మీద ఇప్పటికే ఇంకెక్కడో ఈమెయిల్ పెట్టుకుని ఉంటే నేమ్‌సర్వర్లు ముట్టుకోకండి. అవి మారితే మెయిల్ దారి చెప్పే ఎమ్‌ఎక్స్ రికార్డులు కూడా మారిపోయి ఆర్డర్ మెయిల్స్ ఆగిపోతాయి. అలాంటప్పుడు డొమైన్ కొన్న చోటే, సైట్ ఏ సర్వర్లో ఉందో చెప్పే 'A' రికార్డు ఒక్కటి మార్చి మీ హోస్టింగ్ ఐపీ అడ్రస్ ఇస్తే చాలు.

ఇప్పుడు ఫైళ్ళు ఎక్కించే ముందు చిన్న పరీక్ష. నోట్‌ప్యాడ్‌లో ఒక ముక్క ఇంగ్లిష్‌లో రాసి, టెస్ట్ డాట్ టీఎక్స్‌టీ అని సేవ్ చేసి, కాగితం మీద రాసుకున్న ఆ ఫోల్డర్లో వేయండి. తెలుగులో రాయకండి, ఆ గొడవ కింద ఇంకో జవాబులో ఉంది. బ్రౌజర్లో అక్క డొమైన్, దాని వెనక ఆ ఫైలు పేరు కొట్టండి. మీరు రాసిన ముక్క కనిపించిందా, పేరూ ఫోల్డరూ రెండూ కలిశాయి, ఇక మిగిలిన ఏ తేడా అయినా మీ ఫైళ్ళలోనే ఉంది. ఇంకా ప్రకటన పేజీయే వస్తోందా, డొమైన్ ఇంకా మీ హోస్టింగ్‌కి చేరలేదు, అంతవరకు లక్షసార్లు అప్‌లోడ్ చేసినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. 404 (ఫైలు దొరకలేదు) అని వచ్చిందా, చాలావరకు డొమైన్ చేరింది గానీ ఫైలు వేరే ఫోల్డర్లో పడింది. ఈ మూడింటిలో ఏదో తేలకుండా సైట్ మొత్తం ఎక్కించడం టైమ్ దండగ.

ఎక్కించేటప్పుడు ఫైల్‌జిల్లా కన్నా మీకు సీప్యానెల్ ఫైల్ మేనేజరే సుఖం. అన్నీ జిప్ చేసి, ఒక్క ఫైలుగా ఎక్కించి, అక్కడ ఎక్స్‌ట్రాక్ట్ కొట్టండి. అయితే జిప్ చేసేటప్పుడు బయటి ఫోల్డర్ని కాకుండా, లోపలికి వెళ్ళి ఫైళ్ళన్నీ సెలెక్ట్ చేసి జిప్ చేయాలి. లేకపోతే ఇండెక్స్ పేజీ ఒక ఫోల్డర్ లోపలికి వెళ్ళి కూర్చుంటుంది, బయట నుంచి చూసేవాళ్ళకి 'ఇండెక్స్ ఆఫ్' అని ఫైళ్ళ జాబితాయో, 403 ఫర్‌బిడెన్ అనో వస్తుంది. అలా జరిగితే మళ్ళీ ఎక్కించక్కర్లేదు, అన్నీ సెలెక్ట్ చేసి ఒక మెట్టు పైకి మూవ్ చేయండి.

పేజీ వచ్చి ఫొటోలు రాకపోతే పేర్లలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ చూసుకోండి. మీ విండోస్‌కి క్యాపిటల్‌లో ఉన్న జేపీజీ, స్మాల్‌లో ఉన్న జేపీజీ ఒకటే. హోస్టింగ్ నడిచే లినక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. ఫోన్ కెమెరా నుంచి వచ్చిన ఫొటోలకి ఇది మరీ ఎక్కువ. ఇండెక్స్‌లో మొదటి అక్షరం క్యాపిటల్ పెట్టినా ఇదే తంటా. ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 పర్మిషన్ ఉంటే చాలు. ఎవరో 777 పెట్టమంటారు, పెట్టకండి, పనిచేయకపోగా కొన్ని సర్వర్లు 500 ఎర్రర్ చూపిస్తాయి.

రేపు అక్కే ఫొటోలు మార్చుకుంటానంటే తనకి ఫైళ్ళు ఎక్కించుకోవడానికి వేరే ఎఫ్‌టీపీ అకౌంట్ ఇవ్వండి, మీ అసలు పాస్‌వర్డ్ ఇవ్వకండి. అందులో ఒక తిరకాసు ఉంది: అకౌంట్ చేసేటప్పుడు డైరెక్టరీ గడిలో సీప్యానెల్ చివర ఆ యూజర్ పేరు తగిలించి ఇంకో కొత్త ఫోల్డర్ రాసేస్తుంది. చూడకుండా ఓకే చేస్తే అక్క వేసినవన్నీ ఎవరికీ కనపడని ఆ మూలకి పోతాయి. దాన్ని చెరిపి, మీ కాగితం మీద ఉన్న దారే ఇవ్వండి. లాగిన్‌కి యూజర్ పేరు ఒక్కటే చాలదు, వెనక ఎట్ గుర్తు, డొమైన్ పేరు కూడా ఉండాలి.

తాళం గుర్తు రాకపోతే, నాట్ సెక్యూర్ అని చూపిస్తుంటే, దానికోసం డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనకండి. డొమైన్ మీ సర్వర్‌కి చేరాక చాలా హోస్టింగ్‌లలో ఆటో ఎస్‌ఎస్‌ఎల్ దానంతటదే ఉచితంగా ఇస్తుంది, చేరకముందు ఎంత నొక్కినా ఇవ్వదు.

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలో మాది డీటీపీ సెంటర్. పెళ్ళి కార్డులూ, కరపత్రాలూ చేసినట్టే ఒక గుడి సైట్ కూడా చేసిపెట్టాం. మా సిస్టమ్‌లో తెలుగు బ్రహ్మాండంగా ఉంది, అప్‌లోడ్ చేశాక ఫోన్లలో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. హోస్టింగ్ తేడానా?

జవాబు: పిచ్చి అక్షరాల్లో రెండు రకాలున్నాయండీ, మీది ఏ రకమో చూడండి. కామాలూ, బ్రాకెట్లూ, ఇంగ్లిష్ అక్షరాలూ కలగాపులగంగా ఉంటే మీరు అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ అలాగే తెచ్చి పెట్టారన్నమాట. అందులో లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకి తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంట్ ఉన్న మీ సిస్టమ్‌లో చక్కగా ఉంటుంది, లేని ఫోన్‌లో బండారం బయటపడుతుంది. హోస్టింగ్ మార్చినా ఇది పోదు. మ్యాటర్‌ని, ఏ ఫాంట్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేయించి, ఆ తర్వాత ప్రూఫ్ మళ్ళీ ఒకసారి చదవండి, కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి. గుడి సైట్ కదా, శ్లోకాల్లో తప్పులొస్తే భక్తులు ఊరుకోరు.

అలా కాకుండా నెత్తి మీద వాలు గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే ఏ, ఇలా వరసగా వస్తుంటే సంతోషించండి, మీది యూనికోడే. యూనికోడ్‌ని ఫైల్లో రాసే యూటీఎఫ్-8 పద్ధతి ప్రతి తెలుగు అక్షరాన్నీ, ప్రతి గుణింతం గుర్తునీ మూడేసి బైట్లుగా రాస్తుంది, బ్రౌజర్ వాటిని మూడు వేరే అక్షరాలనుకుని చదువుతోంది, అంతే. పేజీ పైన హెడ్ భాగంలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని మెటా లైను (<meta charset="utf-8">) పెట్టి, ఫైలుని కూడా యూటీఎఫ్-8 గానే సేవ్ చేయండి. అప్పటికీ మారకపోతే సర్వర్ వేరే సెట్ చెబుతోందన్నమాట, పేజీలో రాసినదానికన్నా సర్వర్ మాటే బ్రౌజర్ వింటుంది. డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఒక్క లైను (AddDefaultCharset UTF-8) పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఫైల్ మేనేజర్లో ఆ ఫైలు కనపడకపోతే సెట్టింగ్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని టిక్ పెట్టండి.

ఫొటోల ఫైళ్ళకి తెలుగు పేర్లు మాత్రం పెట్టకండి. జిప్ విప్పేటప్పుడు అవి ఏ రూపంలో బయటికొస్తాయో చెప్పలేం.

ప్రశ్న: పటమటలో మా ఫ్రెండ్ కోచింగ్ సెంటర్ పెట్టాడు. నా హోస్టింగ్‌లో ఖాళీ చాలా ఉంది, వాడి డొమైన్ కూడా నా పేరు మీదే కొని నా దాంట్లోనే పెట్టేస్తానన్నాను. ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: అక్క సైట్ వేరు, వ్యాపారం చేసే ఫ్రెండ్ సైట్ వేరు. రెండూ ఒకే అకౌంట్‌లో ఉంటే వాడి పాత వర్డ్‌ప్రెస్ ప్లగిన్ నుంచి ఎవడైనా దూరితే మీ ఫోల్డర్లూ ఆ దూరినవాడి చేతిలో పడినట్టే. అడ్మిషన్ల సీజన్లో వాడి సైట్‌కి జనం ఎక్కువైతే మీ సైట్ కూడా నెమ్మదిస్తుంది. ఖాళీ చాలా ఉందంటున్నారు గానీ డిస్క్ ఒక్కటే లెక్క కాదు, ఎన్ని ఫైళ్ళు ఉండొచ్చన్నదానికీ పరిమితి ఉంటుంది, దాన్ని ఐనోడ్స్ అంటారు, మీ ప్లాన్‌లో చూడండి. వాడికి చవకలో వేరే హోస్టింగ్ ఇప్పించండి. తప్పదంటే సైట్ మీ దగ్గర ఉంచండి గానీ, డొమైన్ మాత్రం వాడి పేరు మీద, వాడి ఈమెయిల్‌తో, వాడి కార్డుతో కొనిపించండి. రెన్యువల్ మెయిల్స్ వాడికే వెళ్తాయి.